రుచి చూడకుండా కూర వండటం ఎలా? నిత్యనైవేద్యానికి మామూలు కూరలు

నిత్యపూజ గురించి చేసిన వీడియోలో మహానైవేద్యం అనే మాట వాడాను. ఆ మాట వినగానే మీలో చాలామందికి పులిహోర, చక్రపొంగలి, దద్దోజనం, బూరెలు కళ్లముందు కనిపించినట్టున్నాయి. "అక్కా, నేను పీజీలో ఉంటాను, ఒక్క ఇండక్షన్ స్టవ్ ఉంది, అవన్నీ రోజూ ఎక్కడ చేస్తాను, అందుకే ఒక అరటిపండు పెట్టేసి దణ్ణం పెట్టుకుంటున్నా" అని అన్నవాళ్లు ఉన్నారు. అరటిపండు పెట్టడంలో తప్పేమీ లేదు. ఆకైనా, పువ్వైనా, పండైనా, చివరికి నీళ్లైనా భక్తితో ఇస్తే తీసుకుంటానని గీత తొమ్మిదో అధ్యాయంలో స్వామే చెప్పాడు కదా.

కానీ మహానైవేద్యం అంటే పిండివంటలు కాదండి. వేడి అన్నం, పప్పు, ఒక కూర, పైన కాస్త నెయ్యి. అంతే. అంటే మనం మధ్యాహ్నం తినే భోజనమే. పిండివంటలు పండగరోజు దానికి తోడు వస్తాయి, అంతకుమించి వాటి పాత్ర ఏమీ లేదు.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మన వయసువాళ్ల ఇళ్లల్లో పూజ ఒక దారి, తిండి ఇంకో దారి అయిపోయాయి. దేవుడికి పండు, మనకి స్విగ్గీ. పొద్దున దీపం పెట్టినప్పుడు ఉన్న శ్రద్ధ మధ్యాహ్నం ప్లేటు ముందు కూర్చునేసరికి ఉండదు, చేతిలో ఫోను ఉంటుంది. గీత మూడో అధ్యాయంలో 13వ శ్లోకం ఈ విషయంలో చాలా కటువుగా ఉంటుంది. కేవలం తమ కోసమే వండుకునేవాళ్లు పాపాన్నే తింటున్నారు అంటుంది. ఒంటరిగా ఉండి ఒక్కరికోసమే వండుకునేవాళ్లకి ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది. అయితే దారి కూడా అదే శ్లోకంలో ఉంది. ముందు యజ్ఞానికి ఇచ్చి, మిగిలినది తినమంటుంది. ఇంట్లో ఒక్కరే ఉన్నా, ముందు ఒక గిన్నెలో తీసి స్వామి ముందు పెట్టారంటే ఆ వంట ఇక మీ ఒక్కరి కోసం చేసుకున్నది కాదు.

అన్నం సంగతి కుక్కర్ చూసుకుంటుంది, పప్పూ అంతే. మిగిలింది కూర. అందరూ ఆగిపోయేది అక్కడే. ఎందుకంటే నైవేద్యానికి వండేటప్పుడు మధ్యలో రుచి చూడకూడదు.

రుచి చూడకపోవడం గురించి

కారణం అందరికీ తెలిసిందే, మనం ముందు తిన్నది ఎంగిలి అవుతుంది. శబరి కథ చెప్పి "ఆవిడ కొరికి పెట్టింది కదా" అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఒకరు ఉంటారు. శబరి అంత ప్రేమ ఉంటే మీరూ కొరికి పెట్టండి, నేను అడ్డం రాను. మనలాంటి మామూలువాళ్లకి మాత్రం నియమమే మంచిది. ఇందులో దేవుడి మర్యాద ఒక్కటే లేదు, వంట నేర్చుకునేవాళ్లకి పెద్ద లాభం కూడా ఉంది. నాలుక వాడొద్దన్నప్పుడు కన్ను, ముక్కు, చెవి పని చేయక తప్పదు. ఫోను పక్కన పెట్టి బాణలి దగ్గర నిలబడక తప్పదు. మా అమ్మమ్మ పక్కగదిలో కూర్చుని "దొండకాయ వేగింది, కట్టెయ్" అని కేకేసేది. ఆవిడకి కళ్లు సరిగా కనపడేవి కాదు, చప్పుడు వినే చెప్పేది.

అన్నిటికన్నా ఎక్కువ భయం ఉప్పు దగ్గర. దానికి కొలత ఒక్కటే మందు. పావు కిలో తరిగిన కూరకి అర టీస్పూను పొడి ఉప్పు. ముద్ద అన్నంలో బాగా కలుపుకుని తినే అలవాటుంటే ఇంకో చిటికెడు. ఇంట్లో ఉన్న స్పూన్లన్నీ ఒకే సైజు ఉండవు కాబట్టి కొలత స్పూన్ల సెట్టు ఒకటి కొనుక్కోండి, లేదంటే ఒకే స్పూను ఉప్పుడబ్బాలో పడేసి ఉంచండి. రాళ్లుప్పు వాడితే మాత్రం ఇదే లెక్క కుదరదు. రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, అదే స్పూనులో తక్కువ బరువు పడుతుంది.

కారం విషయంలో పచ్చిమిర్చిని నమ్మకండి. ఒకే సంచిలో ఒక కాయ చప్పగా, ఇంకో కాయ నిప్పులా ఉంటుంది. రుచి చూసే వీల్లేనప్పుడు ఒకే డబ్బాలోంచి తీసే కారప్పొడి మేలు, అది రోజూ ఒకేలా ఉంటుంది. పావు కిలోకి ముప్పావు టీస్పూనుతో మొదలుపెట్టి, మీ డబ్బా ఎంత ఘాటో రెండు రోజుల్లో తెలుసుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, దయచేసి దీన్ని చదవకుండా దాటేయకండి. బీరకాయ, సొరకాయ, దోసకాయ, ఈ మూడిట్లో అప్పుడప్పుడు చేదు కాయ తగులుతుంది. కాకరకాయలో ఉండే చేదులాంటిది కాదు ఇది. ఆ చేదులో ఉండే పదార్థం కడుపుని, పేగుల్ని దెబ్బతీస్తుంది. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలోనే మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. పైకి చూస్తే తెలీదు, వండితే పోదు. కాబట్టి తరిగేముందు కాయ చివర చిన్న ముక్క కోసి నాలిక్కి ఆనించి, ఊసేసి, నోరు పుక్కిలించి, చేతులు, కత్తి కడుక్కుని రండి. మా ఇంట్లో పెద్దవాళ్లు తద్దినం వంటకి కూడా ఇలాగే చేసేవాళ్లు. పచ్చికాయని పరీక్ష చేయడం వేరు, వండిన నైవేద్యాన్ని ఎంగిలి చేయడం వేరు. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, డబ్బుల గురించి ఆలోచించకండి.

ఉల్లి, వెల్లుల్లి లేకుండా

నైవేద్యంలో ఈ రెండూ వేయరు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో తినకూడని వాటి జాబితాలో ఇవి ఉన్నాయి, ఆచారం కూడా గట్టిగా ఉంది. కానీ చాలామంది "గీతలో ఉల్లిపాయ తామసం అని ఉంది" అంటారు. లేదు. పదిహేడో అధ్యాయంలో ఏ కూరగాయ పేరూ లేదు. ఆహారం ఎలాంటి గుణంతో ఉందో చెబుతుంది, అంతే. అందులో మరీ కారంగా, మరీ పుల్లగా, మరీ ఉప్పగా, మరీ వేడిగా ఉండేది రాజసం. వండి ఒక జాము దాటిపోయినది, సారం పోయినది, నిలవది తామసం. జాము అంటే మూడు గంటలు. ఇప్పుడు ఆలోచించండి. ఉల్లిపాయ మానేసి, ఆ లోటు తీర్చడానికి గొడ్డుకారం పోసి, నిన్న వండి ఫ్రిజ్‌లో పెట్టింది ఇవాళ వేడి చేసి పెడితే మనం ఏ నియమం పాటించినట్టు?

అందుకే కొంచెమే వండండి. ఒక మనిషికి ఒక పూటకి 100 నుంచి 125 గ్రాముల కూరగాయ చాలు. పావు కిలో కొంటే ఇద్దరికి సరిపోతుంది, మిగలదు.

ఉల్లి లేని రుచి ఎక్కడి నుంచి వస్తుందంటే, ముందుగా పోపులోంచి. శనగపప్పు, మినప్పప్పు ముందు వేసి అవి బంగారు రంగుకి తిరగడం మొదలయ్యాక ఆవాలు, జీలకర్ర, ఆ తర్వాత ఎండుమిర్చి, చివర్లో కరివేపాకు, ఇంగువ. అన్నీ ఒకేసారి వేస్తే జీలకర్ర మాడుతుంది, పప్పు పచ్చిగా ఉంటుంది. ఇంగువ గురించి ఒక మాట. బజార్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో బియ్యప్పిండో కలుపుతారు. ఏకాదశికి ధాన్యం ముట్టనివాళ్లు డబ్బా వెనక చదివి మరీ కొనండి.

దొండకాయ వేపుడు, చెవితో

మొదట ఇది నేర్చుకోండి, ఎందుకంటే ఇది మీకు వినడం నేర్పుతుంది. పావు కిలో లేత దొండకాయలు. కోస్తే లోపల ఎర్రగా ఉన్నవి పండిపోయినట్టు, పక్కన పెట్టేయండి. నిలువుగా నాలుగు చీలికలు చేయండి. బాణలిలో రెండు టేబుల్ స్పూన్ల నూనె, పోపు, ముక్కలు, పసుపు, కొలిచిన ఉప్పు. కలిపి మూతపెట్టి మధ్యస్థం సెగలో పది నిమిషాలు మగ్గనివ్వండి.

ఇప్పుడు మూత తీసి వినండి. ముక్కలో ఇంకా నీరుంది కాబట్టి సుయ్‌మని తడి చప్పుడు వస్తుంది, ఆవిరి కనిపిస్తుంది. మూత పెట్టకుండా రెండు మూడు నిమిషాలకొకసారి కలుపుతూ ఉంటే ఇంకో పన్నెండు, పదిహేను నిమిషాల్లో ఆ చప్పుడు సన్నబడి, పొడిగా చిటచిటమంటుంది. నీరు పోయి నూనె ఒక్కటే మిగిలిందని అర్థం. అంచులు ముడుచుకుని గోధుమరంగు మచ్చలు వస్తాయి. అప్పుడు కారం, కావాలంటే ఒక చెంచా పుట్నాల పొడి వేసి ఒక్క నిమిషం కలిపి కట్టేయండి. కారం ముందే వేస్తే మాడి నల్లబడుతుంది, ఘాటుకి దగ్గుతారు. ఇండక్షన్ మీద చేసేవాళ్లకి మంట కనపడదు కాబట్టి ఈ చప్పుడే ఆధారం. స్టవ్ ఫ్యాను గోల చేస్తుంటే కాస్త వంగి వినాలి.

బెండకాయ వేపుడుకి పద్ధతి పూర్తిగా తిరగేయాలి. కాయలు ముందు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, ఆ తర్వాతే తరగాలి. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి. మూత పెట్టినా, ఉప్పు ముందే పడినా నీరు ఊరి జిగురు సాగుతుంది. బెండకాయ చెడగొట్టుకున్నవాళ్లలో చాలామంది కథ ఈ రెండిట్లో ఏదో ఒకటే.

బీరకాయ, కంటితో

దొండకాయలో చెవి ఎంతో, బీరకాయలో కన్ను అంత. అర కిలో కొనండి, భయపడకండి, బాణలి నిండా ఉన్న ముక్కలు ఉడికాక గుప్పెడు అవుతాయి. కాయంతా నీరే కదా. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. నిండుగా ఉన్న బాణలి చూసి ఉప్పు వేస్తారు, కూర దగ్గరపడ్డాక నోట్లో పెట్టుకోలేరు. అందుకని ఉప్పు ముందు వేయకండి. పోపులో ముక్కలు వేసి, పసుపు చల్లి, చుక్క నీళ్లు పోయకుండా సన్నసెగలో మూత పెట్టండి. ఎనిమిది పది నిమిషాల్లో దాని నీళ్లు అదే వదులుతుంది. మూత తీసి ఆ నీళ్లు ఇగిరి, కూర ఎంతైందో కంటికి కనపడ్డాక అప్పుడు ఉప్పు. అర కిలో బీరకాయకి కూడా అర టీస్పూనే సరిపోతుంది, ఒకటి కాదు.

ఇక్కడినుంచి రెండు దారులు. మా పుట్టింట్లో చివర్లో సెగ బాగా తగ్గించి మూడు చెంచాల కాచిన పాలు పోసి ఒక్క నిమిషం ఉంచి దించేవాళ్లు. తియ్యటి, మెత్తటి కూర. మా అత్తగారిది కరీంనగర్ వైపు, ఆవిడ వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు వేస్తారు. నాకు ఇప్పుడు నువ్వుల పొడే ఇష్టం, ఈ మాట మా అమ్మకి చెప్పకండి. తీసిన చెక్కు పారేయొద్దు, దానితో పచ్చడి అవుతుంది.

అరటికాయ ఆవ పెట్టిన కూర

ఇది కాస్త ఓపిక కావాల్సింది, ఆదివారానికి దాచుకోండి. గోదావరి జిల్లాల ఇళ్లల్లో శుభానికీ, తద్దినానికీ కూడా వండుతారు. పచ్చి అరటికాయలు రెండు. చెక్కు తీసి ముక్కలు కోస్తూ కోస్తూనే కొంచెం మజ్జిగ కలిపిన నీళ్లల్లో వేయండి, నల్లబడవు. చేతికి నూనె రాసుకుంటే జిగురు అంటదు.

ముక్కలు మునిగేదాకా నీళ్లు పోసి పసుపు, ఉప్పు, పల్చటి చింతపండు రసం రెండు చెంచాలు వేసి ఉడికించండి. పులుపు పడితే ముక్క కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది, కానీ ముద్దయిపోకుండా నిలబడుతుంది. మనకి కావాల్సింది అదే. కత్తి మొనతో గుచ్చితే దిగాలి, ముక్క విడిపోకూడదు. నీళ్లు వంచేసి ఆరనివ్వండి.

ఈలోపు ఆవ. ఒక టీస్పూను ఆవాలు, ఒక ఎండుమిర్చి. ఇంత తక్కువకి మిక్సీ జారులో బ్లేడు తిరుగుతుంది తప్ప నలగదు, చిన్న కల్వం ఉంటే అందులో నూరండి. ముందు పొడిగా నూరి, తర్వాత చల్లటి నీళ్లు ఒక చెంచా పోసి మెత్తగా చేసి పది నిమిషాలు వదిలేయండి. ఆవగింజ ఊరికే ఉంటే ఘాటు ఉండదు. నలిగి, తడి తగిలినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, మరుగుతున్న నీళ్లు పోస్తే పుట్టకుండానే చచ్చిపోతుంది. పది నిమిషాలయ్యాక గిన్నె మీద ముక్కు పెట్టి వాసన చూడండి. ముక్కులో నుంచి నెత్తికెక్కిందా? అయితే సిద్ధం. రుచి చూడాల్సిన పనే లేదు. (వాసన చూసినా దోషమే అనే ఇళ్లు ఉన్నాయి. మీది అలాంటి ఇల్లయితే గడియారాన్ని నమ్ముకోండి.)

పోపులో ఇంగువ కాస్త ఎక్కువ వేసి, అల్లం తురుము, ముక్కలు వేసి రెండు నిమిషాలు కలపండి. స్టవ్ కట్టేయండి. బాణలి దించండి. ఆవిరి తగ్గాక అప్పుడు ఆవ కలపండి. స్టవ్ మీద ఉండగానే కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

ఏ కూర పనికొస్తుంది, ఏది రాదు

ఈ ప్రశ్న చాలా వస్తుంది. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో బంగాళాదుంప, టమాటా వాడరు. మన ఇళ్లల్లో కూడా తద్దినం వంటలో క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళాదుంప లాంటివి రానివ్వరు, ఇవన్నీ తర్వాత బయటినుంచి వచ్చినవని. ఆ లెక్కన మిరపకాయ కూడా పోర్చుగీసువాళ్లతో వచ్చిందే, అంతకుముందు మన వంటల్లో కారం మిరియాలది. కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ తద్దినానికి మిరియాలే వాడటం అందుకే. కానీ గుడి నియమం గుడిది, తద్దినం నియమం తద్దినానిది. రోజూ ఇంట్లో పెట్టే నైవేద్యానికి మీ ఇంటి ఆచారమే ప్రమాణం. అమ్మకి ఫోన్ చేసి అడగండి. అడిగినందుకు ఆవిడ ఒక అరగంట మాట్లాడుతుంది, వినండి.

ఆషాఢంలో వీలైతే ఒకసారి విజయవాడ ఇంద్రకీలాద్రికి గానీ, వరంగల్ భద్రకాళి గుడికి గానీ వెళ్లండి. అమ్మవారిని శాకంబరిగా అలంకరిస్తారు. వంకాయలు, బెండకాయలు, కాకరకాయలు, ఆకుకూరలు దండలుగా గుచ్చి గర్భగుడి నుంచి మండపం దాకా కడతారు. కరువుకాలంలో తన శరీరం నుంచి కూరగాయలు పుట్టించి లోకాన్ని బతికించిన తల్లి కాబట్టి ఆ పేరు. విజయవాడలో ఆ కూరగాయలతోనే కదంబం వండి ప్రసాదంగా పెడతారు. మన సంచిలో పావు కిలో దొండకాయలు కూడా ఆ తల్లి ఇచ్చినవే. ఇంటికి తెచ్చి కుళ్లబెట్టి చెత్తబుట్టలో వేసేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఈ అలంకారమే.

పెట్టే పద్ధతి

వంట అవగానే, మీ కంచంలో వడ్డించుకోకముందే, విడిగా ఉంచిన చిన్న గిన్నెలోకి అన్నం, పప్పు, కూర తీసి, అన్నం మీద నెయ్యి చుక్క వేయండి. స్వామి ముందు నేల తుడిచి గిన్నె పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి, నివేదన మంత్రం వస్తే మంత్రంతో, రాకపోతే "స్వామీ, ఇవాళ ఇది వండాను, తీసుకో" అని తెలుగులో చెప్పి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు కూర్చోండి. విష్ణువుకైతే ఒక తులసిదళం. తర్వాత ఆ గిన్నెలోది మళ్లీ బాణలిలోనూ, కుక్కర్లోనూ కొంచెం కొంచెం కలిపేసుకుంటే మొత్తం ప్రసాదమే. రూమ్మేట్ ఉంటే పెట్టండి, ఏ మతమో, ఏ ఊరో అడగక్కర్లేదు.

చివరిగా అందరికీ ఉండే భయం. పెట్టాక తిని చూస్తే ఉప్పు తక్కువైంది, లేదా మరిచిపోయారు. ఏం చేయాలి? ఏమీ చేయక్కర్లేదు. అపచారం అని కంగారుపడి మళ్లీ వండి మళ్లీ పెట్టకండి. మీ కంచంలో మీకు కావాల్సినంత ఉప్పు కలుపుకుని తినండి. ఎంత తక్కువైందో గుర్తుపెట్టుకుని, ఉప్పుడబ్బా మూత మీద పెన్నుతో రాసుకోండి: "బీరకాయ, అర స్పూను, ఇంకో చిటికెడు". మా ఇంట్లో డబ్బా మూత మీద ఇలాంటివి పదకొండు ఉన్నాయి.

వచ్చే వీడియోలో ముక్కల పులుసు, కంద వండేటప్పుడు గొంతు దురద పెట్టకుండా ఏం చేయాలో చూద్దాం. శ్రీ మాత్రే నమః.